ఎర్తు గుంతకు రెండు బిందెలు

బెల్లం మండీలో మూలకు పడేసిన డబ్బా అది.
మూడొందలిచ్చి నేనే కొనుక్కున్నా.
మూత విప్పితే లోపల
చీమలు కాపురం పెట్టుండాయి.
పాత బోర్డు మీద బెల్లప్పొడి నల్లగా పేరుకోని
ఏ ఏటి పద్దో తేలని బాకీ లాగుండాది.

పద్దెనిమిదేండ్లు ఇంకొకరి కంప్యూటర్లో
ఇంకొకరి లెక్కలు కొట్టిన వేళ్ళు నావి.
నాదంటూ ఒకటి, నేనే బిగించుకోవాలనిపించింది.
ఎందుకని మా ఆయన అడగలా.
చెంగల్రాయుడు అడగని మనిషి.
నీళ్ళ ట్యాంకరు తోల్తాడు,
చిత్తూరంతా ఆయన్నే అడగతాది.

మద్రాసు పోయి రిచీ వీధంతా తిరిగి
బోర్డూ ర్యామూ సెకండ్ హ్యాండ్ ప్రాసెసరూ
ఒళ్ళో పెట్టుకోని
రాణిపేట గుంతలన్నిటికీ చెయ్యి అడ్డం పెట్టి తెచ్చినా.
అయినా ప్రాసెసరుకు ఒక కాలు వంగింది.
పుత్తూరు కట్టు కట్టే ఆయన ఎముక తడిమినట్టు
గుండుసూదితో, ఊపిరి బిగబట్టి,
నిలబెట్టినా దాన్ని.
ఆకు పసరూ గుడ్డు సొనా లేకుండా
నిలబడిన కాలు జిల్లాలో అదొక్కటే.

స్విచ్చి నొక్కితే
ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు.
తెర మాత్రం అమాస.
ర్యాము పీకి, బిడ్డ రబ్బరు అడిగి తీసుకోని
దాని బంగారు పళ్ళు తోమినా.
అదే కూత.
గ్రాఫిక్స్ కార్డు అదిమి కూచోబెడితే
టక్కుమని ఆగింది.
వెలుగొచ్చింది. పదకొండు నిమిషాలు.
తర్వాత దానంతటదే ఆరిపోయింది.

మండీ అలవాటు, నోటుబుక్కులో రాసుకున్నా:
పదకొండు. ఏడు. ఇరవై రెండు. నాలుగు.
ఎంత కూడినా ఏ మొత్తానికీ రాని అంకెలు.
పేస్టు మార్చినా. ఫ్యాను మార్చినా.
మస్తాన్ అంగట్లో పెడితే రాత్రంతా ఆడింది,
మా ఇంట్లోనే దానికి తిక్క.
"మీ ఇల్లే పడలేదు లేక్కా దానికి" అన్నాడు మస్తాన్,
నగులాటకే అన్నాడు.

ఒకదినం వట్టి కాళ్ళతో నిలబడి డబ్బా తాకితే
జుమ్మని చీమ కుట్టినట్టయింది.
చీమల్ని అప్పుడే తరిమేసినా కదా.

రిటైరైన లైన్‌మన్ ఎత్తిరాజులన్న వచ్చినాడు,
ఒక బల్బు హోల్డరూ రెండు తీగెలూ తీసుకోని.
ఫేజుకూ న్యూట్రలుకూ పెడితే బల్బు భగ్గుమంది.
ఫేజుకూ ఎర్తుకూ పెడితే
జ్వరమొచ్చిన కన్ను మాదిరి ఎర్రగా మినుకుమంది.
"మిషన్లో ఏం లేదు మే. గుంత యాడుంది?"

పెరట్లో, బట్టలుతికే బండ వెనక.
ఇల్లు కట్టిన కాలంలో
బొగ్గులూ ఉప్పూ పోసి పాతిన పైపు.
సిమెంటు మూత ఎత్తితే
పక్కింటి వెయ్యడుగుల బోరులో వచ్చినట్టే, దుమ్ము.
దాని గొంతు ఎవరూ తడిపిన పాపాన పోలా.

"మిషనుకు నీళ్ళా?"
అడగని మనిషి అప్పుడడిగినాడు.
నాలుగు దినాలకొకసారి వచ్చే నీళ్ళు మరి,
డ్రమ్ముకు గీత గీసుకోని వాడుకుంటాం.
మిషనుకు కాదు, మన్నుకు అన్నా.
ఇంకేం అనలా.
ట్యాంకరు అడుగున మిగిలిన తుప్పు రంగు నీళ్ళు
రెండు బిందెలు మోసుకొచ్చి
ఉప్పు ప్యాకెట్టు పళ్ళతో చించి
తనే పోసినాడు.
గుంత గుటకేసిన సద్దు ఇద్దరం విన్నాం.

ఆ రాత్రి తెర ఆరలా.
నోటుబుక్కు తెరవలా నేను.
డబ్బా మీద అరచెయ్యి ఆనించి
కోడి కూసిందాకా ఊరికే కూచున్నా.

ఇప్పుడు ఆదివారం ఆదివారం పోస్తా.
కుప్పమ్మ గోడ మీంచి తొంగిచూసి
"ఏం చెట్టే అది, ఇంగా మొలక రాలా?" అంటాది.
అంత ఉప్పులో ఎట్లా వచ్చిందో,
మొన్న మూత పక్కన ఏదో మొలిచింది.
పప్పుకు పనికొచ్చే ఆకో
పిచ్చాకో
రెండాకులకు ఏం తెలుస్తాది.

ఇంకా పీకలా.